స్పోర్ట్స్ కారులో స్టెప్నీ పెట్టుకోవాలా, కిట్ చాలా? (718 కేమన్, 18 అంగుళాల చక్రాలు)

ఘాట్‌రోడ్_718 (హైదరాబాద్)

అందరికీ నమస్తే. కారు పోర్షే 718 కేమన్. ముందు 235/45 ఆర్18, వెనక 265/45 ఆర్18. స్టెప్నీ రాలేదు. ముందు డిక్కీలో ఒక సీలెంట్ బాటిల్ (టైరు రంధ్రం మూసే జిగురు ద్రవం), 12 వోల్టుల కంప్రెసర్ ఉన్నాయి, అంతే. సిటీలోనూ ఔటర్ మీదా దాంతో నడిచిపోతుంది. ఎటు చూసినా పంక్చర్ షాపు దొరుకుతుంది, లేదంటే గంటలో బండి ఎత్తుకెళ్లే లారీ వస్తుంది.

ఇప్పుడు ప్లాన్ శ్రీశైలం, తర్వాత వైజాగ్ మీదుగా అరకు. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక నల్లమలలో చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు గేట్లు మూస్తారు. అక్కడ టైరు పోతే ఏంటి దారి?

అడగాలనుకున్నవి ఇవి. పోర్షేదే ఇంకో మోడల్, పాత బాక్‌స్టర్ తాలూకు సన్న స్టెప్నీ ఒకటి కొని వేసుకుంటే పనికొస్తుందా? లేక ఫుల్ సైజు చక్రం ఒకటి సీటు మీద పెట్టుకు తిరగాలా? అసలు స్టెప్నీ లేకుండా తిరగడం మన రూల్స్ ప్రకారం ఓకేనా?

టైరుమేటర్

ముందు రూల్ సంగతి తేల్చేద్దాం. 2020 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించారు. 3.5 టన్నుల లోపు ప్యాసింజర్ కారుకు ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఎంతుందో చెప్పే టీపీఎంఎస్, రిపేర్ కిట్ ఉంటే స్టెప్నీ అక్కర్లేదు. మీ కారుకు మూడూ ఉన్నాయి. కిట్ ఇంట్లో వదిలేసి తిరిగితే మాత్రం ఆ మినహాయింపుకి అర్థం లేదు.

ఇక స్టెప్నీ. మీ కారు విషయంలో లెక్కలు కట్టి చూస్తే ఆశ తగ్గిపోతుంది. ముందు టైరు బయటి వ్యాసం దాదాపు 669 మి.మీ., వెనకది 696. 986 (అంటే మొదటి తరం) బాక్‌స్టర్‌తో వచ్చే సన్న స్టెప్నీ 105/95-17, అంటే 631 మి.మీ. ముందు చక్రం కన్నా 38 తక్కువ, వెనక చక్రం కన్నా 65 తక్కువ. ముందు వేస్తే ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ లైట్లు వెలగొచ్చు, బ్రేకు కొడితే ఒక పక్కకి లాగొచ్చు. అయినా 80 లోపు వేగంతో దగ్గరి ఊరు చేరొచ్చు. వెనక వేస్తే కథ వేరు. ఒకే యాక్సిల్ మీద రెండు చక్రాల మధ్య 9 శాతం తేడా. తిన్నని రోడ్డు మీద కూడా డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. మీ కారుకు లాకింగ్ డిఫరెన్షియల్ ఆప్షన్ ఉంటే దాని ప్లేట్లు కాలిపోతాయి. వెనక పంక్చరైతే మంచిగా ఉన్న ముందు చక్రాన్ని వెనక్కి మార్చి, స్టెప్నీని ముందు వేయమని కొందరు చెబుతారు. రెండుసార్లు జాకీ ఎత్తాలి, పైగా వెనక రెండిటికీ 27 మి.మీ. తేడా మిగిలే ఉంటుంది. కొండ దిగే దారిలో నేనైతే వద్దంటాను.

ఇంకో ముఖ్యమైన సంగతి, స్టెప్నీ కొనేముందు ఎవరూ ఆలోచించనిది: విప్పిన చక్రాన్ని ఎక్కడ పెడతారు? ముందు డిక్కీ 150 లీటర్లు. సన్న స్టెప్నీ అందులో పట్టినా, బురదతో ఉన్న 265 వెడల్పు, 696 ఎత్తు చక్రం పట్టదు. మిగిలింది వెనక అద్దం కింద ఇంజిన్ మూత మీదో, పక్క సీటులోనో. పక్క సీటు అంటే పక్కన కూర్చున్న మనిషి ఆటో ఎక్కాలి. ఇంజిన్ మూత మీద పెడితే వెనక చూపు పోతుంది, గట్టిగా బ్రేకు కొడితే ఆ పాతిక కిలోలు మీ తల దగ్గరికొస్తాయి. కట్టడానికి రాట్చెట్ బెల్టు లేకుండా ఆ పని చేయకూడదు.

ఫుల్ సైజు కూడా అంతే. ముందుది కొంటే వెనకకి పనికిరాదు, వెనకది కొంటే ముందుకి రాదు. ఏది పోతుందో ముందే తెలిస్తే పంక్చర్ ఎందుకవుతుంది!

రబ్బరుచేతులు

మేటర్ గారు లెక్క బాగా చెప్పారు. నేను కిట్ సంగతి చెబుతాను, ఎందుకంటే చాలామంది కిట్ ఉంది కదా అని నమ్ముకుంటారు గానీ ఏ వరుసలో వాడాలో చూసుకోరు.

సీలెంట్ బాటిల్‌ని చివరి ఆయుధంగా ఉంచండి. మొదట పట్టీ, అంటే రంధ్రంలోకి దూర్చే జిగురు రబ్బరు ముక్క, అదే పంక్చర్ షాపుల్లో స్టిక్ అంటారు. కారణం: సీలెంట్ పోశాక లోపలంతా జిగురు పాలు పట్టేస్తుంది, తర్వాత పట్టీ సరిగా అతకదు. లోపల ఉన్న గాలి సెన్సార్ రంధ్రం మూసుకుపోవచ్చు. షాపులో విప్పి కడగడానికి వాళ్లు విసుక్కుంటారు, డబ్బులు ఎక్కువడుగుతారు. పైగా సీలెంట్ దాదాపు 4 మి.మీ. దాకా ఉన్న రంధ్రానికే, అదీ రోడ్డును తాకే ట్రెడ్ భాగంలో ఉంటేనే పనికొస్తుంది. బాటిల్ మీద గడువు తేదీ ముద్రించి ఉంటుంది. అది దాటితే లోపల గడ్డలు కట్టి గొట్టంలోనే ఇరుక్కుంటుంది. మే నెలలో ఎండలో నిలబడే కారులో గడువు దాకా కూడా నమ్మను.

పట్టీ వేసే పద్ధతి:

మేకు కనిపించింది, గాలి మాత్రం మెల్లగా దిగుతోంది అనుకోండి. పీకొద్దు. మేకే మూత. గాలి కొట్టి, 40-50 మధ్య వేగంతో షాపుకి వెళ్లడమే మంచిది. మధ్యమధ్యలో ఆపి గాలి చూసుకోండి.

గాలి నిలవకపోతేనే పీకాలి. పీకేముందు మేకు ఏ వాలులో ఉందో చూసి, చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. పీకాక రంధ్రం కనిపించదు, రబ్బరు మూసుకుంటుంది. ముందు చక్రమైతే స్టీరింగు పూర్తిగా తిప్పితే ట్రెడ్ బయటికి కనిపిస్తుంది, పని సులువు. వెనక చక్రం తిరగదు. కారుని కొద్దికొద్దిగా జరిపి, రంధ్రం బంపర్ వైపు చేతికి అందే ఎత్తులోకి వచ్చేలా ఆపాలి. 718 లాంటి కిందికున్న బండిలో ఇది మరిచిపోతే చేతికి చోటుండదు. పట్టీకి జాకీ అవసరమే లేదు, అదే దీని గొప్ప.

రీమర్‌ని (రంధ్రాన్ని గరుకు చేసే ఊచ) మేకు వాలులోనే తోసి, పైకీ కిందికీ పది పదిహేనుసార్లు ఆడించండి. లోపలి స్టీలు తీగలు గట్టిగా అడ్డుతగులుతాయి, బలం పెట్టాలి. సగం తోసి వదిలేస్తే తీగ అంచు పట్టీని కోసేస్తుంది. పట్టీని సూది కన్నంలో సరిగ్గా మధ్యకి లాగి, జిగురు రాసి, బయట ఒక సెంటీమీటరు మిగిలేదాకా తోయండి. తర్వాత సూదిని తిప్పకుండా ఒక్క లాగులో బయటికి తీయాలి. మెల్లగా లాగితే పట్టీ కూడా వెనక్కి వచ్చేస్తుంది. మిగిలిన తోకని ట్రెడ్‌కి 2-3 మి.మీ. పైన కత్తిరించండి. గాలి కొట్టి సబ్బు నీళ్లు పోసి చూడండి. బుడగ వస్తే రెండో పట్టీ పక్కనే దూర్చొచ్చు, మూడోది వద్దు.

కంప్రెసర్ గురించి ఒక మాట. 265 వెడల్పు టైరు ఖాళీ నుంచి నిండాలంటే చిన్న మోటారుకి దాదాపు పది నిమిషాలు పడుతుంది. చౌక కంప్రెసర్లు పది నిమిషాలకే వేడెక్కి ఆగిపోతాయి, కాసేపు చల్లారనివ్వాలి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి కొట్టండి, బ్యాటరీ దిగదు. మీటరు 2-3 పీఎస్‌ఐ అబద్ధమాడొచ్చు. విడిగా ఒక గేజ్ ఉంచుకోండి.

రోడ్డు పక్క పట్టీ ఎంత బాగా పడినా, దాంతో 200 కొట్టే టైరు కాదు. ఊరు చేరాక టైరు విప్పించి, లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారంలో ఉండే ప్లగ్ ప్యాచ్ వేయించాలి. రంధ్రం 6 మి.మీ. దాటినా, టైరు భుజం అంచు దగ్గరున్నా టైరు మార్చడమే.

మియాటా_మామ (టెక్సాస్)

ఇక్కడి వైపు నుంచి రెండు ముక్కలు. స్పోర్ట్స్ కారు అంటే అన్నిటికీ ఒకే జవాబు ఉండదు, చక్రాల సైజుల్ని బట్టి మారుతుంది. మాజ్డా ఎంఎక్స్-5 ఇక్కడ మనవాళ్లలో బాగానే కనిపిస్తుంది. దానికి నాలుగు చక్రాలూ ఒకే సైజు. మొదటి రెండు తరాల్లో సన్న స్టెప్నీ కంపెనీ నుంచే వచ్చేది. మూడో తరం నుంచి ఎత్తేసి కిట్ ఇచ్చారు. ఇప్పటి నాలుగో తరం డిక్కీ 130 లీటర్లే. అందులో స్టెప్నీ పడితే రెండు బ్యాగులకి చోటుండదు.

సైజు ఒకటే కాబట్టి అక్కడ స్టెప్నీకి అర్థముంది. వెనక పంక్చరైతే ముందు చక్రం వెనక్కి, స్టెప్నీ ముందుకి. వెనక చక్రాలు నడిపే బండిలో, లాకింగ్ డిఫరెన్షియల్ ఉంటే మరీను, ఇదే సరైన పద్ధతి. ఇప్పటి తరంలో బోల్టు సర్కిల్ 4x100 (100 మి.మీ. వలయం మీద నాలుగు కన్నాలు), మధ్య కన్నం 54.1 మి.మీ., నట్లు 12x1.5. సంఖ్యలు సరిపోయినంత మాత్రాన సరిపోదు, బ్రేకు కాలిపర్‌కి రిమ్ము తగలకూడదు. పెద్ద బ్రేకుల ప్యాకేజీ ఉన్న కారుకి పాత 14 అంగుళాల స్టెప్నీ ఎక్కదు. ఇంట్లో జాకీ ఎత్తి, తొడిగి, చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి చూడకుండా ఏ స్టెప్నీనీ లెక్కలోకి తీసుకోవద్దు.

ఇక్కడి బిగ్ బెండ్ జాతీయ పార్కు వైపు వెళ్లేవాళ్లకి ఇదే ప్రశ్న వస్తుంది. అక్కడా సిగ్నల్ ఉండదు. ఆ దారికి వెళ్లినప్పుడు మాత్రం స్టెప్నీ, మిగతా రోజుల్లో గ్యారేజీలోనే. రోజూ మోయడం దండగ.

స్టెప్నీ పెట్టుకునేవాళ్లు దాని వయసు చూడరు. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద నాలుగంకెలుంటాయి, మొదటి రెండు వారం, తర్వాత రెండు సంవత్సరం. 1409 అని ఉంటే 2009లో పద్నాలుగో వారం. ఎన్నడూ రోడ్డెక్కకపోయినా పదేళ్లు దాటిన రబ్బరు పనికిరాదు. సన్న స్టెప్నీకి గాలి 60 పీఎస్‌ఐ ఉండాలి. వాడాల్సి వచ్చిన రోజున చూస్తే చాలావాటిలో సగం కూడా ఉండదు.

లోబెడ్_కావాలి

అందరూ మేకుల గురించే మాట్లాడుతున్నారు. మన రోడ్ల మీద 45 సిరీస్ టైరుకి, అంటే పక్క గోడ పొట్టిగా ఉండేదానికి, మేకు కన్నా గుంతే ఎక్కువ శత్రువు. వంతెన మొదట్లో తారు అంచు, వానాకాలం నీళ్లు నిండిన గుంత, కంకర కుప్ప. 80తో తగిలితే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య సైడ్‌వాల్ నలిగి లోపలి దారాలు తెగుతాయి. అప్పుడు రెండు రకాలు. ఒకటి, చీలిక. గాలి ఒక్కసారిగా పోతుంది. పట్టీ పనికిరాదు, సీలెంట్ బయటికి కారిపోతుంది. రెండోది, సైడ్‌వాల్ మీద కోడిగుడ్డంత బుగ్గ. గాలి ఉంటుంది, లైటు వెలగదు, అందుకే ప్రమాదం. బుగ్గ చూశాక స్పీడు తగ్గించి ఊరు చేరడం తప్ప ఆ టైరుతో ఘాటు దిగొద్దు.

కాబట్టి అసలు ప్రశ్న స్టెప్నీ కాదు. చీలిక పడితే బండిని ఎవరు ఎత్తుతారు? 718కి లోబెడ్ లారీ (బండిని మొత్తంగా పైకెక్కించుకునేది) కావాలి, ముందు చక్రాలు ఎత్తి లాక్కెళ్లే క్రేన్ వద్దు. ఆ క్రేనుతో వెనక చక్రాలు రోడ్డు మీద దొర్లితే గేర్‌బాక్స్ దెబ్బతింటుంది. లారీ ర్యాంపు నిటారుగా ఉంటే ముందు బంపర్ పెదవి తగులుతుంది. రెండు చెక్క పలకలు అడిగి ర్యాంపు మొదట్లో వేయించండి. లాగే హుక్ టూల్ కిట్‌లో ఉంటుంది, బంపర్ మీది చిన్న మూత తీసి తిప్పాలి. కొన్ని జర్మన్ కార్లలో మర ఎదురు దిశలో ఉంటుంది, బలవంతం చేయొద్దు. కట్టేటప్పుడు సస్పెన్షన్ చేతులకి గొలుసు వేయనివ్వకండి. టైరు మీదుగా వేసే బెల్టులు అడగండి.

బయల్దేరే ముందు రెండు ఫోన్లు చేయండి. కంపెనీ అసిస్టెన్స్‌కీ, ఇన్సూరెన్స్ రోడ్‌సైడ్ వాళ్లకీ. "మన్ననూరు, దోమలపెంట మధ్య నుంచి ఎత్తుతారా, అచ్చంపేట నుంచి లోబెడ్ దొరుకుతుందా, ఎన్ని కిలోమీటర్లు ఫ్రీ?" అని సూటిగా అడగండి. యాడ్‌ఆన్‌లో 50 లేదా 100 కిలోమీటర్ల పరిమితి ఉంటే శ్రీశైలం నుంచి హైదరాబాద్ అందులో పట్టదు. జాతీయ రహదారి మీద 1033 హెల్ప్‌లైన్ పనిచేస్తుంది గానీ ఫోన్ చేయడానికే సిగ్నల్ కావాలి. ఆగిన చోటు నుంచి కిలోమీటరు రాయి నంబరు రాసుకుని, ఎదురొచ్చే ఆర్టీసీ బస్సు డ్రైవరుకో కండక్టరుకో ఇస్తే చెక్‌పోస్టు దాకా కబురు చేరుతుంది.

అడవిలో టైగర్ రిజర్వు కాబట్టి చీకటి పడ్డాక కారు దిగి పనిచేయడం మాట మరచిపోండి. పొద్దున 6 గంటలకి గేటు తెరవగానే వెళ్లండి. ఏదైనా అయితే మీకు పగలంతా ఉంటుంది.

ఘాట్‌రోడ్_718

అందరికీ థాంక్స్. స్టెప్నీ ఆలోచన వదిలేశా. ఇంకో డౌటు. చీలిక పడితే టైరు మార్చాలి. 265/45 ఆర్18, అదీ పోర్షే ఒప్పుకున్న టైర్ల మీద ఉండే ఎన్ గుర్తున్నది, కర్నూలులోనో వైజాగ్‌లోనో రెడీగా దొరుకుతుందా? ఒక టైరు రిమ్ము లేకుండా కారులో వేసుకెళ్లడం పిచ్చితనమా?

టైరుమేటర్

పిచ్చితనం కాదు గానీ కారులో వేసుకెళ్లడం వల్ల ఉపయోగం తక్కువ. టైరు ఎక్కించాలంటే మెషీన్ కావాలి. రోడ్డు పక్క షాపులో ఇనుప లివర్లతో మీ అల్లాయ్ మీద పని చేయనివ్వొద్దు. అంచు గీసుకుపోతుంది, వాల్వు దగ్గరున్న సెన్సార్ విరుగుతుంది. మెషీన్ ఉన్న చోట కూడా వాళ్లకి ముందే చెప్పండి: బీడ్ (రిమ్ముని పట్టుకునే టైరు అంచు) విడగొట్టేటప్పుడు వాల్వుకి ఎదురు వైపు నుంచి మొదలుపెట్టాలని. బయటి నుంచి పట్టీ వేయడం వరకే రోడ్డు పక్క షాపుకి ఒప్పుకోండి.

మేలైన పద్ధతి: ముందుది ఒకటి, వెనకది ఒకటి కొత్త టైర్లు కొని ఇంట్లో నీడలో నిలబెట్టి ఉంచండి. ఎన్ గుర్తు కూడా, ఎన్0, ఎన్1 అని, ఇప్పుడున్న వాటితో సరిపోవాలి. ఈ సైజు చిన్న ఊళ్లలో స్టాకు ఉంచరు, ఆర్డరు పెడితే రోజులు పడుతుంది. లోబెడ్ మీద బండి హైదరాబాద్ వచ్చేలోపు టైరు షాపుకి చేరుస్తారు, అదే రోజు పని అయిపోతుంది. వైజాగ్ ట్రిప్‌కి అయితే బయల్దేరేముందు అక్కడి డీలరుకి ఫోన్ చేసి ఆ రెండు సైజులు ఉన్నాయా అడిగి ఉంచండి. అరకు వైపు చివరి పెద్ద ఊరు శృంగవరపుకోట. అక్కడ ఆగి నాలుగు టైర్ల సైడ్‌వాల్స్ లోపలి పక్క కూడా సెల్‌ఫోన్ కెమెరా పెట్టి చూసుకోండి. బుగ్గలు ఎక్కువగా లోపలి వైపే వస్తాయి, నిలబడి చూస్తే కనిపించవు.

ఒకటి ఉండిపోయింది. చక్రం విప్పాల్సి వస్తే, షాపు వాళ్లు విప్పినా సరే, దొంగలు విప్పకుండా వేసే లాక్ బోల్టు తాలూకు అడాప్టర్ ఎక్కడుందో ఇప్పుడే చూసుకోండి. అది లేకపోతే లోబెడ్ వచ్చినా, కొత్త టైరు దొరికినా చక్రం ఊడిరాదు. మీ కారుకి స్టడ్లు కాదు, 14x1.5 బోల్టులు. చక్రాన్ని గాలిలో పట్టుకుని కన్నాలు కలపడం కష్టం, అప్పుడే బోల్టు జారి బ్రేకు డిస్కు అంచో రిమ్ము లోపలో గీస్తారు. అదే మరతో ఒక గైడు పిన్ను ఉంచుకోండి. పై కన్నంలో దాన్ని బిగిస్తే చక్రం దానికి వేలాడుతుంది. బోల్టులు ఎదురెదురుగా బిగించి, కారు దించాక టార్క్ రెంచ్‌తో 160 న్యూటన్ మీటర్లు. గాలి గన్నుతో "టకటకా" అని వదిలేస్తే ఒప్పుకోవద్దు. 50 కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి చూడండి.

రబ్బరుచేతులు

మేటర్ గారి లిస్టుకి కలపండి: చేతి తొడుగులు, తలకి కట్టుకునే టార్చి, చక్రాల కింద పెట్టడానికి రెండు చెక్క ముక్కలు, వాల్వు పిన్ను తీసే చిన్న పానా, రెండు అదనపు వాల్వు పిన్నులు. మొత్తం ఒక షూ డబ్బాలో పడుతుంది. సీలెంట్ బాటిల్ వాడాల్సి వస్తే వాల్వు పిన్ను విప్పి పోయాలి. ఆ పిన్ను మట్టిలో పడిపోతే అక్కడితో పని ఆగిపోతుంది. సీలెంట్ పోశాక పది నిమిషాలు మెల్లగా నడిపి ఆగి గాలి చూడండి. 1.5 బార్, అంటే 22 పీఎస్‌ఐ కన్నా తగ్గితే ఇక ముందుకి వెళ్లకండి. సీలెంట్ లోపల తిరుగుతుంటే స్టీరింగు వణుకుతుంది, అది మామూలే. 80 దాటొద్దు.

ఇంకోటి. టీపీఎంఎస్ లైటు వెలిగాక "వచ్చే ఊళ్లో చూద్దాం" అనుకోకండి. గాలి లేని టైరు మీద ఒకటి రెండు కిలోమీటర్లు నడిస్తే సైడ్‌వాల్ లోపల అరిగి నల్లటి పొడి రాలుతుంది. విప్పినప్పుడు ఆ పొడి కనిపిస్తే, రంధ్రం ఎంత చిన్నదైనా ఆ టైరు పోయినట్టే.

లోబెడ్_కావాలి

ఔటర్ మీద వాడకం గురించి కూడా. అక్కడ ఎడమ పక్క షోల్డర్‌లో ఆగినా, కుడి వైపు చక్రం మీద పనిచేయొద్దు. లారీలు 80తో మీ వీపుని రాసుకుంటూ వెళ్తాయి. కుడి చక్రం అయితే నెమ్మదిగా వచ్చే ఎగ్జిట్ దాకా దొర్లించండి. టైరు పోతే పోయింది, రిమ్ము పోయినా సరే. త్రిభుజం బోర్డు కనీసం 50 మీటర్ల వెనక పెట్టి, మనుషులు రెయిలింగుకి అవతల నిలబడండి.